మండవల్లి ప్రాంత భూగర్భ నిర్మాణం

మండవల్లి ప్రాంతం ఏలూరు జిల్లాలో గుడివాడ, కైకలూరు పట్టణాల మధ్య, కొల్లేరు సరస్సుకు సమీపంలో ఉంది. 2022 ఏప్రిల్ వరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం. ఇక్కడి నేల చదునైన ఒండ్రు మైదానం. పైకి ఎక్కడా రాయి కనిపించదు. కాని ఈ మైదానం కింద లోతైన పల్లాలు, గట్లు దాగి ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో ఇది కృష్ణా-గోదావరి బేసిన్‌లో భాగం.

భ్రంశాలు

శిలలు పగిలి, ఆ పగులు వెంట ఒక పక్క కుంగితే దానిని భ్రంశం అంటారు. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూభాగం అంటార్కిటికా నుండి విడిపోతున్నపుడు ఈ తీరం వెంబడి నైరుతి-ఈశాన్య దిశలో భ్రంశాలు ఏర్పడ్డాయి. వాటి మధ్య కుంగిన భాగాలను గ్రాబెన్‌లు అని, ఎత్తుగా మిగిలిన భాగాలను హార్‌స్ట్‌లు అని అంటారు. ఇక్కడ కాజ-కైకలూరు హార్‌స్ట్‌కు వాయవ్యాన గుడివాడ గ్రాబెన్, ఆగ్నేయాన బంటుమిల్లి గ్రాబెన్ ఉన్నాయి. కుంగిన భాగాలలో అవక్షేపాలు కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. గట్లపై పాత పొరలు పలుచగా ఉంటాయి, కొన్నిచోట్ల అసలు ఉండవు.

శిలా పొరలు

బేసిన్‌లోని ముఖ్యమైన పొరలు అడుగు నుండి పైకి ఈ విధంగా ఉంటాయి:

* ఆధార శిలలు: ప్రీకేంబ్రియన్ కాలపు నీస్, ఖోండలైట్ మొదలైనవి.
* గోండ్వానా పొరలు: తీర భ్రంశాలకంటె ముందే, వాయవ్య-ఆగ్నేయ దిశలో ఏర్పడిన ప్రాణహిత-గోదావరి పగులు లోయకు చెందినవి. చింతలపూడి ప్రాంతంలో వీటిలో బొగ్గు ఉంది.
* గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, తిరుపతి ఇసుకరాయి: ప్రధానంగా క్రెటేషియస్ యుగానికి చెందినవి.
* రాజమండ్రి ట్రాప్‌లు: సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితపు బసాల్ట్ లావా.
* రాజమండ్రి ఇసుకరాయి, ఇతర తృతీయ యుగపు పొరలు.
* కృష్ణా, గోదావరి నదుల ఒండ్రు.

మండవల్లి వద్ద లోతున ఉండే పొరలను చూడాలంటే మెట్ట ప్రాంతానికి వెళ్ళాలి. గొల్లపల్లి నూజివీడు సమీపంలోని గ్రామం. తిరుపతి ఇసుకరాయికి ఆ పేరు వచ్చింది చిత్తూరు ప్రాంతపు తిరుపతి వలన కాదు, చిన్న తిరుపతిగా పేరొందిన ద్వారకా తిరుమల వలన. ఈ మూడు పేర్లను 19వ శతాబ్దంలో విలియం కింగ్ ప్రవేశపెట్టాడు. రాఘవాపురం షేల్‌లో మొక్కల శిలాజాలతో పాటు సముద్రజీవులైన అమ్మొనైట్ల శిలాజాలు దొరికాయి. ఆ కాలంలో సముద్రం అంత లోపలికి చొచ్చుకు వచ్చిందని దీనివలన తెలుస్తున్నది.

ప్రాముఖ్యత

సేంద్రియ పదార్థం గల రాఘవాపురం షేల్ ఈ బేసిన్‌లో చమురు, సహజవాయువు పుట్టుకకు ముఖ్య ఆధారం. పల్లాలలో పుట్టిన వాయువు భ్రంశాల వెంట పైకి కదలి, ఇసుకరాళ్ళలో చిక్కుకుంటుంది. కైకలూరు, లింగాల ప్రాంతాలలో ఓఎన్‌జీసీ చమురు, వాయు నిక్షేపాలను కనుగొన్నది.

ప్రజల జీవనంపై ఎక్కువ ప్రభావం చూపేది పై పొరే. సుమారు 6,000 సంవత్సరాల క్రితం సముద్రతీరం కొల్లేరు దరిదాపులలో ఉండేది. తరువాత రెండు నదుల డెల్టాలు ముందుకు పెరిగి, వాటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు అయింది. అప్పటి సముద్రపు బంకమట్టి, ఉప్పునీరు ఒండ్రు అడుగున నిలిచిపోయాయి. అందువలన ఇక్కడ చాలాచోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది. చుట్టూ నీరున్నా, తాగునీటికి కాలువలపైన, వాటితో నింపే చెరువులపైన ఆధారపడవలసి వస్తున్నది.