ట్యాబ్లెట్ మార్పిడి: కొత్త నమూనాల చరిత్ర చెప్పే ప్రమాణం

పాత వస్తువు చక్కగా పనిచేస్తుండగానే ఏటా కొత్త నమూనా విడుదల చేసి కొనుగోలుదారు మనసును దానివైపు మళ్లించే వ్యాపార పద్ధతి 1920ల్లో అమెరికా మోటారు కార్ల పరిశ్రమలో, ముఖ్యంగా ఆల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలోని జనరల్ మోటార్స్‌లో స్థిరపడింది. 2010 తర్వాత ట్యాబ్లెట్ల వ్యాపారమూ ఈ బాటే పట్టింది గాని, ఇందులో ఒక కొత్త చిక్కు ఉంది. పాత కారును తెలిసిన మెకానిక్ బాగుచేసి నడిపించగలడు. ట్యాబ్లెట్ ఆయువు మాత్రం దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే పరికరంలోని భాగాలన్నిటినీ సమన్వయపరిచి నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌కు, తయారీ సంస్థ ఎంతకాలం నవీకరణలు అందిస్తుందనే దానిపై ఆధారపడుతుంది. అందువల్ల కొత్తది కొనాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా అని తేల్చుకోవడానికి గడిచిన నమూనాల చరిత్రే గట్టి ఆధారం.

ఆపిల్ సంస్థ తొలి ఐప్యాడ్‌ను 2010 ఏప్రిల్ 3న అమెరికాలో 499 డాలర్ల ప్రారంభ ధరకు అమ్మకానికి పెట్టింది. అందులో కెమెరా లేదు. నడుస్తున్న పనుల సమాచారాన్ని తాత్కాలికంగా నిలిపి ఉంచే ర్యామ్ 256 మెగాబైట్లే. ఏడాది తిరక్కుండానే, 2011 మార్చిలో, అదే ప్రారంభ ధరకు వచ్చిన ఐప్యాడ్ 2లో మందం 13.4 మిల్లీమీటర్ల నుంచి 8.8కు తగ్గింది, ముందూ వెనుకా కెమెరాలు వచ్చాయి. అయితే ఆయువును నిర్ణయించిన మార్పులు కంటికి కనిపించనివి: ర్యామ్ 512 మెగాబైట్లకు పెరిగింది, ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగాలైన కోర్లు ఒకటికి రెండయ్యాయి. 2012 సెప్టెంబరులో ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త రూపం ఐఓఎస్ 6 వచ్చేసరికి తొలి ఐప్యాడ్‌కు అందులో చోటు దక్కలేదు. ఐప్యాడ్ 2 మాత్రం 2016 వరకు నవీకరణలు అందుకుంటూనే ఉంది.

2012 మార్చిలో విడుదలైన మూడో తరం ఐప్యాడ్ నేర్పే పాఠం ఇంకా లోతైనది. తెరపై బొమ్మను ఏర్పరచే చుక్కలు, అంటే పిక్సెళ్లు, నాలుగింతలై అక్షరాలు అచ్చుపుస్తకంలోలా స్ఫుటంగా కనిపించాయి. ఆ తెరను నడపడానికి బ్యాటరీ సామర్థ్యాన్ని 25 వాట్-అవర్ల నుంచి 42.5కు పెంచాల్సి రావడంతో పరికరం కాస్త మందంగా, బరువుగా తయారైంది. ఏడు నెలలకే, అక్టోబరులో, మరింత వేగవంతమైన ప్రాసెసర్‌తో నాలుగో తరాన్ని ప్రకటించారు. చివరికి ఐఓఎస్ 10 రాకతో ఐప్యాడ్ 2కూ మూడో తరానికీ ఒకేసారి నవీకరణలు ఆగిపోగా, నాలుగో తరం మరో ఏడాది నిలిచింది. ఐప్యాడ్ 2 నుంచి మూడో తరానికి మారినవారికి మెరుగైన తెర దక్కింది గాని, సాఫ్ట్‌వేర్ ఆయువు ఏమాత్రం పెరగలేదు.

మార్పు నిజంగా అనివార్యమైన సందర్భాలూ ఉన్నాయి. విద్యార్థులకు చౌకగా అందించే ఉద్దేశంతో భారత ప్రభుత్వం 2011 అక్టోబరు 5న ఆవిష్కరించిన, హైదరాబాద్‌లో విడిభాగాలు కూర్చి తయారుచేసిన ఆకాశ్ ట్యాబ్లెట్‌లో ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్ మాత్రమే; దాని తెర రెసిస్టివ్ రకం, అంటే వేలి ఒత్తిడిని బట్టి పనిచేసేది కనుక గట్టిగా నొక్కితేనే స్పందించేది. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో వేలు తాకితే చాలు స్పందించే కెపాసిటివ్ తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అమరాయి. మొదటి నమూనా చదువు పనికే చాలలేదు గనుక అక్కడ మార్పు విలాసం కాదు, అవసరం.

ఆ తర్వాతి కాలంలో పరికరాల ఆయువు పెరిగింది. ఆపిల్ ఆర్థిక సంవత్సరాల లెక్కన 2013లో సుమారు 7.1 కోట్ల ఐప్యాడ్లు అమ్ముడుపోగా 2016లో ఆ సంఖ్య 4.56 కోట్లకు దిగింది. పెద్ద తెరల ఫోన్లు రావడం ఒక కారణమైతే, ఉన్న ట్యాబ్లెట్లే ఏళ్ల తరబడి సరిపోవడం మరొకటి. 2014లో 2 గిగాబైట్ల ర్యామ్‌తో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2, 2021 నాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఐప్యాడ్ఓఎస్ 15ను కూడా నడిపింది. సాఫ్ట్‌వేర్ లోపాలకు కూడా కొత్త పరికరం కొనక్కర్లేదు: ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం తెరపైకి వస్తే ఐఓఎస్ 11లో కొన్ని యాప్‌లు ఆగిపోయే లోపం 2018 ఫిబ్రవరిలో బయటపడినప్పుడు, ఆపిల్ దాన్ని ఆ నెల 19న ఉచిత నవీకరణతోనే సరిదిద్దింది.

కాబట్టి భద్రతా నవీకరణలు అందుతూ, చేయవలసిన పని సాగుతున్నంతకాలం పాత ట్యాబ్లెట్‌ను వదులుకోనక్కర్లేదు. బ్యాటరీ ఒక్కటే నీరసిస్తే దాన్ని మార్పించుకోవడం మేలు. నవీకరణలు ఆగినప్పుడో, ర్యామ్ చాలక పని కుంటుపడినప్పుడో మారడం సమంజసం. అప్పుడైనా సన్నదనం, రంగుల కన్నా ర్యామ్‌నూ ప్రాసెసర్‌నూ నవీకరణల హామీనీ చూసి ఎంచుకున్నవారి డబ్బే ఎక్కువకాలం అక్కరకు వస్తుంది.