మన్యజ్వరము, కొడవలి కణము



అరకులోయ యనగానే నేడు కాఫీ తోటలును, బొర్రా గుహలును, సొరంగములలో దూరిపోవు రైలుబండియు మనకు స్ఫురించును. మన తాతలనాట విశాఖపట్టణపు మన్యమనగా ముందుగా తలపునకు వచ్చినది చలిజ్వరము. పల్లపుసీమనుండి కొండ యెక్కిన గుమాస్తాలును, పోలీసు జవానులును కొలది దినములకే మంచము పట్టెడివారు. ఈ కొండల వరుసలోనే, గోదావరి మన్యమున 1879లో రంప పితూరీ నణచబోయిన బలగములను జ్వరము మిక్కిలి పీడించెను. అట్టి చోట కొండదొరలు, బగతలు, కోటియలు, పోర్జలు, గదబలు తరతరములుగా కాపురము లెట్లు చేసిరి? దీనికి సమాధానము కొంత నెత్తుటిలోనే కలదని శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి తెలిసికొనిరి. ఆ చరిత్రమును నేడు మీకు మనవి చేయుచున్నాను.

చెడుగాలివలన జ్వరము వచ్చునని లోకము చాలకాలము నమ్మినది. 1897 ఆగస్టు 20వ తేదీని సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమకడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టెను. జ్వరము వచ్చు త్రోవ తెలిసినది. కాని యొకే యూరిలో, ఒకే తీరున దోమలు కుట్టిన పిల్లలలో నొకడు మరణించుటయు, వేఱొకడు కోలుకొనుటయు నేల? దీని జాడ మఱియొక రోగమున దొరికినది.

1910లో చికాగో నగరమున హెరిక్ అను వైద్యుడు, వెస్టిండీసునుండి వచ్చిన యొక విద్యార్థి రక్తమునుగూర్చి ప్రకటించెను. బిళ్లలవలె గుండ్రముగా నుండవలసిన యెఱ్ఱకణములు కొన్ని కొడవళ్లవలె వంగియుండెను. ఇట్టి కణములు సన్నని నాళములలో నడ్డుపడి కీళ్లకును, ఎముకలకును భరింపరాని నొప్పి కలిగించును. త్వరగా నశించుటచే ఒడలు పాలిపోవును, కన్నులు పచ్చబడును. 1949లో పాలింగ్ పండితుడును, అతని సహచరులును రక్తములోని హీమోగ్లోబిను మార్పే దీనికి మూలమని నిరూపించిరి. 1952లో మన దేశమున నీలగిరి కొండజాతులలో దీనిని లేమన్, కట్‌బుష్ అనువారు గుర్తించిరి. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విశాఖ మన్యపు తెగలలో రక్తపరీక్షలు జరిపిరి. ఇది యిచటను గలదనియు, తెగతెగకు దీని పాలు వేఱనియు తేలినది.

ఇంత కీడుచేయు గుణము తరతరములు గడచినను ఏల నశింపలేదు? 1954లో అలిసన్ అను వైద్యుడు ఆఫ్రికాలోని ఉగాండాలో 290 మంది పిల్లల రక్తము పరీక్షించిన లెక్కను ప్రకటించెను. కొడవలి గుణము గల 43 మందిలో 12 మందికి మలేరియా క్రిమి కనబడెను. అది లేని 247 మందిలో 113 మందికి కనబడెను. అనగా నూటికి 28 ఒకవంక, నూటికి 46 వేఱొకవంక. తలిదండ్రులలో నొకరినుండి మాత్రమే యీ గుణము వచ్చిన బిడ్డకు అది జ్వరమునుండి కవచమైనది. ఇరువురినుండియు వచ్చిన బిడ్డకు రోగమైనది. కవచము కొఱకు చెల్లించిన వెల యా బిడ్డల ప్రాణములు.

మలేరియాకును రక్తగుణములకును ఇట్టి సంబంధ ముండునని 1949లోనే యూహించినవారిలో హాల్డేన్ పండితు డొకడు. అతడు 1957లో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి మన దేశమునే తన దేశముగా జేసికొనెను. అతని శిష్యుడును, పిఠాపురమున జనించినవాడును అగు ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆంధ్రదేశపు మేనరికములను లెక్కించిరి. 1964లో హాల్డేన్ భువనేశ్వరమున మరణింపగా, అతని కోరికప్రకారము దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువుకై చేరినది.

ఇక మనకు కావలసిన లెక్క చెప్పెదను. ఒకరినుండి మాత్రమే గుణము పొందినవారిని వాహకు లందురు. వారు సాధారణముగా ఆరోగ్యవంతులే. భార్యాభర్త లిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునను బిడ్డకు రోగము వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము గలదు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తక్కిన మువ్వురకు రాదనుకొనరాదు. ప్రతి కాన్పును గవ్వలు మరల వేసినట్లే. ఒకరే వాహకులైనచో వారి బిడ్డ కీ రోగము రాదు. వంశమున నీ గుణమున్నచో మేనరికమున నిరువురును వాహకు లగుట కవకాశము హెచ్చు.

మన్యమున మలేరియా మునుపటికంటె తగ్గినది, పూర్తిగా పోలేదు. కవచముతో అవసరము సన్నగిల్లినను దాని వెల మాత్రము పిల్లలు చెల్లించుచునేయున్నారు. బిడ్డ నొప్పులతో నేడ్చిన చిల్లంగి యని యొకరిని అనుమానించుటయు, కోడలి కడుపు మంచిది కాదనుటయు అన్యాయము. గుణము తండ్రినుండియు, తల్లినుండియు సమముగా వచ్చినదే. 2023 జూలై 1వ తేదీని కేంద్ర ప్రభుత్వము ఈ రోగనిర్మూలనోద్యమము నారంభించి, 40 ఏండ్లలోపు వారిలో ఏడు కోట్లమందిని పరీక్షింప సంకల్పించినది. వ్రేలిచివర నెత్తుటి బొట్టుతో తొలిపరీక్ష ముగియును. హైడ్రాక్సీయూరియా మాత్రలు వైద్యుని సలహాపై వాడినచో నొప్పులు తగ్గును.

సంబంధము కుదుర్చువేళ పెద్దలమైన మన మాట చెల్లును. ముహూర్త మడుగుటకుముందు ఇరుపక్షముల రక్తపరీక్ష చీటీలను అడుగుడని నా ప్రార్థన. వాహకురాలని పిల్లను త్రోసివేయవలదు. ఇరువురు వాహకులు జతపడబోవుచున్నచో వైద్యుని సలహా గైకొని నిశ్చయించుకొనుడు. మన పూర్వుల ప్రాణములు నిలిపిన నెత్తురిది. దానిని నిందింపక, తెలిసి మసలుకొన్న చాలును.