స్కోరింగ్ అంటే సులువనేనా?

ఇంటర్ అడ్మిషన్ ఫారంలో ద్వితీయ భాష గడి దగ్గరికి రాగానే చాలామందికి అందే సలహా ఒకటే: “సంస్కృతం పెట్టు, స్కోరింగ్.” ఆ మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఆ పేపరులో ఎక్కువమందికి మంచి మార్కులు రావడం ఒకటి, ఆ పేపరే తేలిక కావడం ఇంకొకటి. మొదటిది లెక్కపెడితే తెలుస్తుంది. రెండోది అంత తొందరగా తేలదు.

ఈ చిక్కు మీద బ్రిటన్‌లో చాలా కాలంగా పరిశోధన సాగుతోంది. మన ఇంటర్ లాంటి అక్కడి ఏ-లెవల్ పరీక్షల్లో 1963 నుంచి 1987 దాకా ‘ఏ’ గ్రేడు సుమారు 10 శాతం మందికే అన్న లెక్క ఉండేది. 2019 నాటికి ‘ఏ’, దాని పైదైన ‘ఏ స్టార్’ కలిపి నాలుగో వంతుకు చేరాయి. కోవిడ్‌తో పరీక్షలు రద్దయి టీచర్లే గ్రేడులిచ్చిన 2021లో 44.8 శాతం. 2024లో మళ్లీ 27.8. రెండు మూడేళ్లలో పిల్లల చదువు అంతలా మారదు. మారింది కొలిచిన తీరు.

సబ్జెక్టుల మధ్య పోలిక ఇంకా చిక్కు. ఫర్దర్ మ్యాథమెటిక్స్‌లో సగానికి పైగా ఏ లేదా ఏ స్టార్ వస్తాయి. దాన్ని సులువనేవారు లేరు. లెక్కల్లో ముందే గట్టిగా ఉన్నవాళ్లే అందులో చేరతారు. అందుకే డరమ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కో బృందం 2008లో ఒకే విద్యార్థికి వేర్వేరు సబ్జెక్టుల్లో వచ్చిన గ్రేడులను పక్కపక్కన పెట్టి చూసింది. బయాలజీ బదులు సైకాలజీ తీసుకుంటే సగం గ్రేడుకు పైగా మెరుగు కనిపించింది. సైన్సు, లెక్కలు మొత్తం మీద కష్టమని తేలింది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ఇష్టం, బోధన, పెట్టిన సమయం దీనిలో విడిగా కనపడవు. జర్మన్ పరీక్షకు ఇంట్లో జర్మన్ మాట్లాడే పిల్లలూ కూర్చుంటారు. ఇవన్నీ తూచిన నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్, ఏ-లెవల్ సైన్సు, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ గ్రేడింగును సవరించేంత ఆధారం లేదని 2018లో చెప్పింది. మరుసటి ఏడాది, ఏ-లెవల్‌కు ముందు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో ఫ్రెంచ్, జర్మన్‌లకు మాత్రం సవరణకు ఒప్పుకుంది.

ఇక మన మెమో. మనకు ఏళ్లుగా అలవాటైన ఎంపీసీ మొదటి సంవత్సరం 470 మార్కుల్లో ద్వితీయ భాషకు 100, ఫిజిక్స్‌కు 60. రోజంతా ఫిజిక్స్, లెక్కలు రుద్దిన పిల్లవాడికి, పరీక్ష ముందు కొన్ని వారాలే చూసిన సంస్కృతంలో 98 వస్తే, శ్రమ ఎక్కువ పెట్టడం వల్ల వచ్చిన మార్కులు అనలేం. పేపరు, దిద్దే తీరు ఉదారంగా ఉన్నాయన్న అనుమానానికి ఇక్కడ బలం ఉంది. రుజువు మాత్రం కాదు. అందరికీ 95 దాటే పేపరు ఎవరికి ఎంత వచ్చో చెప్పలేదు. పైగా తెలుగు మీద మక్కువతో తెలుగు తీసుకున్న పిల్ల మొత్తం మార్కుల్లో వెనకబడితే, ఆ తేడా ఆమె ప్రతిభలోది కాకపోవచ్చు. నన్ను బాధపెట్టేది ఇదే.

తేల్చే దారి ఉంది. పదో తరగతిలో తెలుగు, గణితం మార్కులు సమానంగా ఉన్న పిల్లల్ని ఎంచి, ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్ల భాష మార్కులను తెలుగు తీసుకున్నవాళ్లవాటితో పోల్చాలి. ఆ మార్కులు బోర్డుల రికార్డుల్లో ఉండేవే.