వ్రాయవలసిన మాట, మార్చవలసిన మాట

దరఖాస్తు నమూనాలో “ఇచ్చట మీ పేరు” అని యున్నచో ఎవరైనను అచ్చట తమ పేరునే వ్రాయుదురు. కాని కంప్యూటరు కరదీపికలో “ప్రింట్ ఫైలు” అని యున్నచో, ఏ మాటను ఉన్నదున్నట్లు టైపు చేయవలెనో, ఏ మాటకు బదులు తన ఫైలు పేరు నుంచవలెనో క్రొత్తవానికి తోచదు. యంత్రమో, ఆజ్ఞను అక్షరమక్షరము సరిచూచుకొనును. కావున ఈ రెండు విధముల మాటలను వేరుగా చూపు గుర్తులు అవసరమైనవి.

1958లో జూరిచ్ నగరమున సమావేశమైన ఐరోపా, అమెరికా శాస్త్రజ్ఞులు ఆల్గాల్ అను ప్రోగ్రాము భాషను రూపొందించిరి. దాని నియమములను సందేహమునకు తావులేకుండ చెప్పుటకై జాన్ బేకస్ ఒక సంకేతపద్ధతిని కల్పించి, 1959లో పారిస్ సభలో వివరించెను. డేనిష్ శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ దానిని సవరించి, 1960 నాటి ఆల్గాల్ నివేదికలో ఉపయోగించెను. ఉదాహరణకు:

<అంకె> ::= 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9

కోణపు బ్రాకెట్లలోని మాట ప్రోగ్రాములో వ్రాయునది కాదు. అది ఒక జాతికి పేరు. “::=” అనగా “ఇట్లు నిర్వచింపబడినది” అనియు, నిలువు గీత యనగా “లేదా” అనియు అర్థము. 0 మొదలు 9 వరకు గల గుర్తులు మాత్రమే ప్రోగ్రాములో కనబడును.

అదే 1960లో వెలువడిన కోబాల్ భాషా నివేదిక మరియొక త్రోవ త్రొక్కినది. అందు తప్పక వ్రాయవలసిన మాటలు పెద్ద అక్షరములలో, క్రింద గీతతో నుండును. ప్రోగ్రాము వ్రాయువాడు సమకూర్చవలసినవి చిన్న అక్షరములలో నుండును.

1971 నవంబరులో బెల్ ప్రయోగశాలల యందు వెలువడిన యూనిక్స్ మొదటి కరదీపికయు, క్రింద గీత గల మాటలను ఉన్నదున్నట్లు టైపు చేయవలెనని చెప్పినది. చదరపు బ్రాకెట్లలోనివి ఐచ్ఛికములు. 1979లో ఏడవ కూర్పు వెలువడునాటికి ఆ గీత స్థానమును లావు అక్షరములు ఆక్రమించినవి. మార్చవలసిన మాటలకు వాలు అక్షరములు వాడుకలోనికి వచ్చినవి. అయితే వాలు అక్షరములను చూపలేని తెరలపై వానికి బదులు క్రింద గీత కనబడును. అనగా “మార్పకుము” అని చెప్పిన గీతయే “మార్చుము” అని చెప్పసాగినది!

గుర్తునకు స్వతస్సిద్ధమైన అర్థము లేదు. వ్రాయువారికిని చదువువారికిని గల ఒప్పందమే దాని అర్థము. భౌతికశాస్త్ర గ్రంథములలో వాలుగా నున్న ‘ఎమ్’ ద్రవ్యరాశి, నిలువుగా నున్నది మీటరు అగుటయు నిట్టిదే. అందుచేతనే మంచి కరదీపిక తన గుర్తుల అర్థమును మొదటనే చెప్పును. ఆ పుటను విడువక చదివినవానికి తక్కిన పుటలు సులభమగును.