గ్రీన్‌స్టెడ్ దుంగల వయసెంత?

లండన్‌కు ఈశాన్యంగా, ఎసెక్స్ కౌంటీలో చిపింగ్ ఆంగర్ అనే చిన్న పట్నం ఉంది. దానికి మైలు దూరంలో పొలాల మధ్య గ్రీన్‌స్టెడ్ చర్చి కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో పాత ఊరి చర్చి అనగానే రాతి గోడలే గుర్తొస్తాయి. ఇక్కడ జనం కూర్చునే భాగానికి గోడలు ఓక్ దుంగలు. నిలువునా చీల్చిన 51 దుంగలను పక్కపక్కనే నిలబెట్టారు. ఐరోపాలో ఇంకా నిలిచి ఉన్న కొయ్య కట్టడాల్లో చాలా పాతది ఇది. ఎంత పాతదన్న దగ్గరే చిక్కు వచ్చింది. కట్టిన సంవత్సరం చెప్పే శాసనం లేదు, దస్తావేజూ లేదు.

చేతికి దొరికిన మొదటి ఆధారం ఒక రాజు శవం. తూర్పు ఆంగ్లియా రాజు ఎడ్మండ్‌ను 869లో డేన్లు, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు, చంపారు. జనం ఆయన్ని పునీతుడిగా కొలిచారు. మళ్లీ డేన్ల దాడులు ముదిరినప్పుడు ఆయన దేహాన్ని లండన్‌కు తరలించారు, 1013లో వెనక్కి తీసుకెళ్లారు. ఆ తిరుగు ప్రయాణంలో దేహాన్ని ఆంగర్ దగ్గర ఉంచారనీ, అందుకు గుర్తుగా అక్కడొక కొయ్య ప్రార్థనాలయం ఉందనీ ఒక మధ్యయుగపు రాతప్రతి చెబుతుంది. ఆంగర్ పక్కన ఉన్న కొయ్య చర్చి ఇదొక్కటే. కాబట్టి 1013 నాటికే ఈ గోడలున్నాయని అందరూ నమ్మారు. తర్వాత కలప వయసు లెక్కగట్టినవాళ్లు 845 అన్నారు. శవం కథకూ ఆ లెక్కకూ పేచీ లేదు. 1990ల దాకా అదే మాట నడిచింది.

అయితే గోడ దగ్గరికెళ్లి చూడాలి. దుంగ గుండ్రటి వైపు బయటికుంది, చీల్చిన చదునైన ముఖం లోపలికి తిరిగి ఉంది. ఆ చదును రంపంతో వచ్చింది కాదు, లోపలి ముఖం మీద బాడిస దెబ్బలు ఇంకా కనిపిస్తాయి. దుంగకూ దుంగకూ మధ్య సందులోంచి గాలి దూరకుండా రెండు అంచులకీ గాడి తీసి, అందులో సన్నని ఓక్ బద్ద దిగ్గొట్టారు. ఆ వడ్రంగుల పేర్లు ఎక్కడా లేవు కానీ చెయ్యి మాత్రం గొప్పది. వాళ్లు చేసిన ఇంకో పని మన లెక్కకు కీలకం. ఆ రోజుల్లో ఓక్‌ను ఆరబెట్టకుండా, కొట్టిన కొద్ది కాలానికే పచ్చిగా వాడేవారు. ఎండిన ఓక్ ఇనుములా గట్టిపడి పనిముట్టుకు లొంగదు. అంటే చెట్టు కూలిన ఏడు తెలిస్తే గోడ లేచిన ఏడు తెలిసినట్టే.

చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉంటుంది. ఒక ప్రాంతంలోని ఓక్ చెట్లన్నిటిలోనూ ఈ వెడల్పు, సన్నం వరస దాదాపు ఒక్కలాగే వస్తుంది. ఇది ఆ కాలం వేలిముద్ర. కాలం తెలిసిన కలప నుంచి కూర్చిన వరసతో పోల్చితే మన దుంగలోని ప్రతి వలయానికీ ఒక సంవత్సరం దొరుకుతుంది. 1990ల్లో ఈ పద్ధతితో గ్రీన్‌స్టెడ్ దుంగలను మళ్లీ పరీక్షించారు. మిగిలిన వలయాల్లో చివరిది 1053 నాటిది.

1053 వరకు పెరిగిన చెట్టు 845లో గోడగా నిలబడలేదు. ఆ మాట అక్కడితో సరి.

కానీ చెట్టును కొట్టింది 1053లో కూడా కాదు. ఓక్‌లో లోపలిది చేవ, పైది చేవ పట్టని తెల్ల కలప. పురుగూ కుళ్లూ ముందు పట్టేది ఆ తెల్ల కలపనే. తొమ్మిది వందల ఏళ్ల వానా ఎండా దాన్ని మిగల్చలేదు. ఇంగ్లండ్ ఓక్‌లో తెల్ల కలప వలయాలు తక్కువలో తక్కువ పది, ఎక్కువలో ఎక్కువ యాభై అయిదు ఉంటాయని అంచనా. కలిపి చూస్తే 1063కూ 1108కీ మధ్య చెట్టు కూలింది. సరిగ్గా ఆ నడుమే 1066 ఉంది, నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన ఏడు. గోడ అంతకుముందున్న సాక్సన్ రాజు ఏలుబడిలో లేచిందో, నార్మన్ రాజు ఏలుబడిలో లేచిందో రాలిపోయిన ఆ వేలెడు కలపలోనే ఉండిపోయింది. పాలకులు మారినా ఊరి వడ్రంగి చెయ్యి అదే ఏడు మారిపోదు. కాబట్టి పనితనం చూసి కూడా తేల్చలేం.

మరి ఎడ్మండ్ దేహం సంగతి? 1013లో ఈ దుంగలు ఇంకా అడవిలో ఆకులు తొడుగుతున్న చెట్లు. అలాగని రాతప్రతి అబద్ధం కావలసిన పని లేదు. 1960లో చర్చి తూర్పు భాగం నేలను తవ్వినప్పుడు అంతకన్నా పాత కొయ్య కట్టడాల గుర్తులు బయటపడ్డాయి. అంటే ఇప్పటి గోడలకు ముందే అదే చోట ప్రార్థనాలయం ఉండేదని అనుకోవచ్చు. దేహం ఆగి ఉంటే దానిలో ఆగి ఉంటుంది. కథ చోటును సరిగ్గానే గుర్తుపెట్టుకుంది, తర్వాతివాళ్లు దాన్ని గోడలకు అంటగట్టారు. ఈ ముడి ఇలా విడితేనే అన్ని ఆధారాలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయని నా నమ్మకం.

విడని ముడి ఇంకొకటుంది. మొదట్లో ఈ దుంగలను నేరుగా నేలలో పాతారా, అడుగున దూలం వేసి దానిమీద కూర్చోబెట్టారా? జవాబు దుంగల కింది కొసల్లో ఉండాలి. 1848 ప్రాంతంలో జరిగిన మరమ్మతులో ఆ కొసలు కుళ్లాయని కోసేసి, దుంగలను ఇటుక దిమ్మె మీద నిలబెట్టారు. కోసినవాళ్లను తిట్టలేం, అలా చెయ్యకపోతే కుళ్లు పైకి పాకి గోడే పోయేది. నాకు బాధంతా ఆ కోసిన ముక్కల గురించే. అప్పటికి వలయాలు లెక్కపెట్టే విద్య లేదు గనుక వాటి విలువ తెలిసే దారీ లేదు. పాత కట్టడాల్లో కొత్తగా కట్టడం కన్నా ఉన్నది ఉన్నట్టు కాపాడడం ముఖ్యమని ఆంగ్ల కళాకారుడు విలియం మోరిస్ సంఘం పెట్టింది 1877లో, ముప్పై ఏళ్లు ఆలస్యంగా.

ఇప్పుడు ఈ చర్చి కాపాడవలసిన కట్టడాల్లో గ్రేడ్-1 జాబితాలో ఉంది. జాబితాలోని మామూలు భవనానికైతే మార్పులకు స్థానిక ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. ఇంగ్లండ్ చర్చి కట్టడాలకు మాత్రం వాటిదే వేరే దారి. డయోసిస్ (బిషప్ పాలనా ప్రాంతం) న్యాయాధికారి ‘ఫ్యాకల్టీ’ అనే ఉత్తర్వు ఇవ్వాలి. కట్టడాల నిపుణుల సలహా సంఘం ముందుగా చూస్తుంది, అభ్యంతరం చెప్పడానికి ఊరివాళ్లకూ అవకాశం ఉంటుంది. దుంగలో కుళ్లిన ముక్క తీసి కొత్తది అతకాలన్నా ఇదే తంతు. దీన్ని జాప్యం అనేవాళ్లున్నారు. గ్రీన్‌స్టెడ్‌లో తెల్ల కలప అంటుకుని ఉన్న చిన్న పెళ్ల ఒక్కటి ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ నలభై అయిదేళ్ల తేడా బాగా తగ్గిపోతుంది. మరమ్మతు చేసే మనిషి ఉలి పెట్టే ముందు దాన్ని చూడాలంటే ఎవరో ఒకరు ఆగమనాలి కదా.