ద్రాక్షతోటల ఊళ్ళో భోజనం ఎక్కడ?



పొరుగూరికి ప్రయాణం అనగానే మగవాళ్ళు రైళ్ళ వేళలు చూస్తారు, పిల్లలు కెమెరా వెతుకుతారు. మనకు మాత్రం ముందుగా తోచేది ఒకటే, అక్కడ తిండి సంగతేమిటని. జర్మనీలో మా మరిదివాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనూ అదే అడిగాను. మా తోటికోడలు నవ్వి, "అక్కయ్యా, రేపు ఆసుపత్రిలో భోంచేద్దాం" అంది. సగ్గుబియ్యం జావా, ఫినాయిలు వాసనా గుర్తొచ్చి ఇంకేమీ మాట్లాడలేదు నేను.

ఆ ఊరి పేరు వూర్ట్స్‌బుర్గ్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో గంట పైచిలుకు. మైన్ నది ఒడ్డున వుంది. ఎక్స్‌రేని 1895లో రాంట్‌గెన్‌గారు కనిపెట్టింది ఈ ఊళ్ళోనే కనుక, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్ళందరికీ దీనితో చుట్టరికం వున్నట్టే! రైలు దిగేసరికి ఎదురుగా కొండవాలు మీద జడ పాయలు తీసినట్టు ద్రాక్షతోటలు. ఆ కొండ పేరు ష్టైన్, అంటే రాయి. స్టేషను బయట వరసగా పెట్టెలు, సంచులు, చుట్టిన దుప్పట్లు కనిపించాయి. ఎవరో సామాను మరిచిపోయారు కాబోలు అనుకుని దగ్గరికి వెళితే అన్నీ రాతివీ, చెక్కవీ, లోహంవీనూ. "అవేమిటో తరువాత చెప్తాను, ముందు భోజనం కానీయండి" అంది తోటికోడలు.

ఆ ఊళ్ళో ఆసుపత్రి భోజనం అంటే రోగుల భోజనం కాదండీ. 1316 ప్రాంతంలో యోహాన్నెస్ ఫాన్ స్టెరెన్ అనే కలిగినాయన ఊరి గోడకు అవతల, దిక్కులేని ముసలివాళ్ళకూ రోగులకూ ఒక ధర్మశాల పెట్టించాడు. 1319లో బిషప్పు దాన్ని ఖాయపరిచాడు. ఆ తరువాత ఊళ్ళోవాళ్ళు పుణ్యానికి ద్రాక్షతోటలు రాసియిస్తూ వచ్చారు. మన సత్రాలకు మాన్యాలు రాసినట్టే. దాని పేరు బ్యుర్గర్‌ష్పిటాల్, అంటే పౌరుల ఆసుపత్రి. ఇప్పటికీ దానికి సుమారు 300 ఎకరాల తోటలున్నాయి. తోటల ద్రాక్షతో వైన్ చేస్తారు, దాన్ని పోసే భోజనశాల ఆ ఆవరణలోనే వుంది. ఆ రాబడి వృద్ధాశ్రమాలకు అక్కరకొస్తుంది.

మంచి సరుక్కి దొంగ నకళ్ళు అక్కడా తప్పలేదు. ష్టైన్ కొండ వైన్ పేరు చెప్పి నాసిరకం అమ్మేస్తున్నారని 1726లో ఊరి సభవారు ఒక తీర్మానం చేశారు. ఈ ధర్మశాల వైన్‌ని గుండ్రంగా, అటూయిటూ నొక్కినట్టుండే బుడ్డిలో పోసి, ముద్ర వేసి మరీ అమ్మాలని. ఆ బుడ్డి పేరు బాక్స్‌బాయిటెల్. బల్ల మీద పెడితే దొర్లిపోదు. నేలమాళిగలో 1540 నాటి వైన్ సీసా ఒకటి దాచివుంచారు. ఆ ఏడు ఐరోపాలో ఎండలు మండిపోయి, ద్రాక్ష తేనెలా పండిందట. ఆ పంటదే మరో సీసాని 1961లో లండన్‌లో తెరిచి రుచి చూశారు! మా అత్తగారు మూడేళ్ళ చింతకాయ పచ్చడి జాడీని చూసుకుని ఎంత మురిసిపోయేవారో గుర్తొచ్చింది నాకు.

ఇక తిండి. మేము వెళ్ళింది మే నెల. అప్పుడు ఎక్కడ చూసినా తెల్ల ఆస్పరాగసే. మన పిల్లిపీచర జాతిదేనండీ అది. ఎండ తగలకుండా మట్టి ఎగదోసి పెంచుతారు, అందుకే ఆ తెలుపు. వెన్న కాచి పోసి, ఉడికించిన బంగాళాదుంపలతో వడ్డిస్తారు. జూన్ 24తో ఆ పంట కోత ఆపేస్తారు, మొక్క మళ్ళీ బలం పుంజుకోవాలని. మెత్తటి చీజులో వెన్నా, ఉల్లిపాయా, ఎర్రమిరప పొడీ కలిపి మెదిపినది రొట్టెతో తింటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకురాలు కాలంలో వెళ్ళేవారికి ఒక మాట. ఉల్లిపాయ రొట్టె చూడ్డానికి శాకాహారంలాగే వుంటుంది, కాని అందులో తరచు పందిమాంసం ముక్కలు వేస్తారు. అడిగి తినండి. తినేవాళ్ళకైతే వెనిగారులో ఉల్లిపాయలతో ఉడికించి, నీలిరంగు తేలే సాసేజీలున్నాయి. నది చేపలూ వున్నాయి. పిండిలో దొర్లించి, తలా తోకా తియ్యకుండా మన మెత్తళ్ళలా కరకరా వేయిస్తారు. ఆ చేప కిలియన్ మహాత్ముడి చిటికెనవేలు కంటె పొడుగుండకూడదని అక్కడ సామెత. వైన్ మాటంటారా, నేను ద్రాక్షరసంతో సరిపెట్టుకున్నాను.

సాయంత్రం ఫలహారానికి రెండో ధర్మశాలకు వెళ్దామన్నారు. దాని పేరు యూలియుస్‌ష్పిటాల్. 1576లో బిషప్పూ ప్రభువూ అయిన యూలియుస్ ఎఖ్టర్ కట్టించాడు. రోగులు, అనాథలు, దారినపోయే యాత్రికులు, అందరికీ ఆశ్రయం అని శాసనం రాయించాడు. దానికి 440 ఎకరాల పైచిలుకు ద్రాక్షతోటలు, 250 మీటర్ల పొడుగు నేలమాళిగ. అందులోని ఆసుపత్రి 2017లో ఊళ్ళో మరో ఆసుపత్రితో కలిసి ఒకటైంది. 1945 మార్చి 16 రాత్రి బ్రిటిషు విమానాలు ఇరవై నిమిషాల్లో పాత ఊరిని బూడిద చేసినప్పుడు ఇదీ తగలబడింది. మళ్ళీ కట్టుకున్నారు. ఏటా ఆ రాత్రి బాంబులు పడిన వేళకు ఊళ్ళో గంటలన్నీ మోగుతాయి.

ఇంతవరకూ విని ఎంత గొప్ప దాత అనుకుంటాం కదా. నేనూ అనుకున్నాను. కాని ఎఖ్టర్ ఆ ఆసుపత్రి కట్టించిన నేల యూదుల శ్మశానం! 1147 నుంచీ వాళ్ళు తమ పెద్దల్ని పాతిపెట్టుకున్న చోటు. ఎంత మొత్తుకున్నా వినకుండా లాక్కున్నాడు. అంతకు ముందే, 1349లో, ఊళ్ళోని యూదులు హత్యాకాండకు బలైపోయారు. వాళ్ళ ప్రార్థనాలయం వున్న చోటే ఇవాళ సంతబజారులో మేరీమాత గుడి వుంది. వాళ్ళ సమాధిరాళ్ళను ఊరివాళ్ళు పీకి గోడలకు వాడుకున్నారు. 1987లో ఒక పాత కట్టడం పడగొడుతుంటే అలాంటి రాళ్ళు సుమారు 1,500 బయటపడ్డాయి. చాలావాటి మీద చనిపోయిన మనిషి పేరు, తండ్రి పేరు.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "ఇక్కడ నాకేం సయించదమ్మా" అన్నాను. తోటికోడలు మాట్లాడలేదు కాని మా మరిది అన్నాడు, "వదినా, ఇక్కడ తినకపోతే నష్టం లోపలున్న ముసలివాళ్ళకేగా" అని. అతని మాట కొట్టిపారెయ్యలేం. చేసిన దుర్మార్గం ఎఖ్టర్‌ది. అతను పోయాక నాలుగు వందల ఏళ్ళుగా అక్కడ మందూ మాకూ అందుకుంటున్నది బీదవాళ్ళు. నాలో నేను వాదించుకున్నాను, తెగలేదు. చివరికి లోపలికి వెళ్ళి, బంగాళాదుంపల సూపు తాగాం.

స్టేషనుకు తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. ఆ రాతి పెట్టెల దగ్గర తోటికోడలు ఆగింది. 1941 నుంచి 1943 దాకా ఆ ప్రాంతం యూదుల్ని, రెండువేలమందికి పైగా, చాలామందిని ఈ ఊరికి చేర్చి, రైళ్ళెక్కించి చావుకు పంపారు. వాళ్ళు మోసుకెళ్ళిన మూటల గుర్తుగా 2020లో వాటిని అక్కడ పెట్టారు. పల్లెల పేరున పెట్టెలు, వాటి జత పెట్టెలు ఆయా పల్లెల్లో.

అక్కడి నుంచి చూస్తే ఆసుపత్రి నడకదూరమే. రైలుకింకా పావుగంట టైముంది. పెట్టెల మీది ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే మరిది చదువుతూంటే మేమిద్దరం విన్నాం.