తాళంచెవుల గుత్తి

మా అత్తగారి బొడ్డున ఎప్పుడూ ఒక తాళంచెవుల గుత్తి ఉండేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఆవిడ ఇంట్లో ఏ మూల ఉన్నారో ఆ గుత్తి చప్పుడే చెప్పేది. కొట్టుగది తాళం, బీరువా తాళం, పెట్టెల తాళాలు... అన్నీ అందులోనే. మేం ముగ్గురు కోడళ్ళం. పాయసంలోకి జీడిపప్పు కావాలన్నా, పండక్కి వెండి గిన్నెలు తియ్యాలన్నా "అత్తయ్యగారూ, తాళం!" అనాల్సిందే. ఆవిడ పోయి పదేళ్ళయింది. ఇప్పుడు తాళాలు వేసేంత సామానూ లేదు, వేసే ఓపికా లేదు. ఆ గుత్తి ఇక నా చెవిన పడదనే అనుకున్నాను.

పడింది. అదీ కంప్యూటర్లోంచి!

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. మావారి ఆఫీసు లెక్కలు, మా అబ్బాయి చదువు (చదువనే అనుకుందాం), నా సీరియలు, అన్నీ దాంట్లోనే. ఇంటర్ పరీక్షల ముందు వాడు ఆటల్లో పడ్డాడని మావారికి కోపం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నిద్ర కూడా మానుకుని కూర్చుని కట్టుదిట్టాలు చేశారు. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికి వీల్లేదు, సెట్టింగులు మార్చడానికి వీల్లేదు. "నాకు మాత్రం ఏ అడ్డూ లేకుండా చూసుకున్నానోయ్!" అని లేని మీసం మెలేశారు కూడా.

తరవాతి వారం ఆయన క్యాంపుకెళ్ళారు. నేను సీరియలు పంపాల్సిన రోజు. తెలుగు టైపు చేసే సాఫ్టువేరు సరిగ్గా ఆ రోజే మొరాయించింది. మళ్ళీ ఎక్కించబోతే తెర మీద చిన్న పెట్టె ప్రత్యక్షమై, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు ఇమ్మంది. మావారికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారు. అబ్బాయినడిగితే, "నువ్వూ నేనూ ఒకటేనమ్మా! మనిద్దరం మామూలు యూజర్లం" అన్నాడు, ఎంతో సంతోషంగా.

చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. బి.ఏ. ప్యాసయి, ఇన్ని నవలలు రాసి, ఇల్లు నడుపుతున్నదాన్ని. నన్నూ నా కొడుకునీ ఒకే గాట కట్టేశారన్నమాట! ఆ రాత్రి కూర్చుని 17 పేజీలు చేత్తో రాసి, ఒక్కొక్క పేజీ ఫోన్లో ఫొటో తీసి పంపాను. ఎడిటరుగారు మంచివారు కనక గండం గడిచింది. కానీ నా బుర్రలో ప్రశ్న మాత్రం గడవలేదు. ఇంతకీ ఈ తాళాలు కనిపెట్టిందెవరు? ఎవరి కోసం? బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కదా, తవ్వడం మొదలుపెట్టాను.

కథ 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో మొదలవుతుంది. అప్పటి కంప్యూటరు ఒక గదంతా ఆక్రమించేది. పని కావలసినవాళ్ళు చిల్లులు పొడిచిన అట్టకార్డులు ఇచ్చి, ఫలితం కోసం గంటలకి గంటలు కాచుకునేవాళ్ళు. ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రవేత్తా ఆయన బృందమూ దీనికొక ఉపాయం చేశారు. తల్లి పిల్లలందర్నీ చుట్టూ కూచోబెట్టుకుని, తలా ఒక ముద్ద చేతిలో పెడుతూ పోతుంది చూడండి, అలా ఒకే కంప్యూటరు తన సమయాన్ని చిన్నచిన్న ముద్దలు చేసి అందరికీ వరసగా పెడుతుంది. అంత వేగంగా తిరిగొస్తుంది కనక, ప్రతివాడికీ అది తన ఒక్కడి సొత్తే అనిపిస్తుంది.

అంతా బాగానే ఉంది. కానీ అందరి కాగితాలూ ఒకే బీరువాలో ఉన్నట్టయింది కదా! ఎవరివి వాళ్ళకే దక్కాలి. అందుకని మనిషికొక రహస్యపు మాట పెట్టారు. కంప్యూటర్లో పాస్‌వర్డు అలా అడుగుపెట్టింది.

తాళం పుట్టిన మరుసటేడే మారుతాళమూ పుట్టింది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి కంప్యూటరు మీద వారానికి 4 గంటలే ఇచ్చారు. ఆయన పనికి అది ఏ మూలకీ చాలదు. ఒకనాడు ఆయన మామూలు పనిలాగానే, పాస్‌వర్డులున్న ఫైలును అచ్చువేసి ఇమ్మని ఒక కార్డు పెట్టారు. యంత్రానికేం తెలుసు పాపం! అందరి పాస్‌వర్డులూ కాగితం మీద వేసి చేతిలో పెట్టింది. ఇక ఇతరుల పేర్లతో హాయిగా పని చేసుకున్నారు. చాలా ఏళ్ళ తరవాత గానీ ఈ సంగతి ఆయన బయటపెట్టలేదు.

ఇది మామూలు యూజరు చేసిన అల్లరి. మా అబ్బాయి బాపతు అనుకోండి. రెండో కథ వినండి, అది మావారి బాపతు.

అదే కంప్యూటర్లో రోజూ ఎవరు లోపలికొచ్చినా ముందుగా ఒక ప్రకటన కనబడేది. ఒక మధ్యాహ్నం ఆ ప్రకటనకి బదులు అందరి పాస్‌వర్డులూ వరసగా ప్రత్యక్షమయ్యాయి! ఏ దొంగా చెయ్యలేదు ఆ పని. అడ్మినిస్ట్రేటర్లు ఇద్దరు ఒకే సమయంలో పనిచేస్తున్నారు. ఒకరు ప్రకటన దిద్దుతున్నారు, ఒకరు పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నారు. ఆ దిద్దే ప్రోగ్రాము ఇద్దరి చిత్తుప్రతులకీ ఒకే పేరు పెట్టింది. అదీ ఇదీ తారుమారైపోయాయి. ఒకచోట ఒక్కసారికి ఒక్కరే పనిచెయ్యాలని మొదట్లో ఉన్న నియమాన్ని, తమ పని త్వరగా కావాలని అడ్మినిస్ట్రేటర్లకి మాత్రం సడలించారట. కోర్బాటోగారికి 1990 సంవత్సరానికి ట్యూరింగు అవార్డు వచ్చినప్పుడు, తన ఉపన్యాసంలో ఈ కథ ఆయనే స్వయంగా చెప్పుకున్నారు. పెద్దరికమంటే అది!

నాకిక్కడ ఏదో తట్టింది. కింది వాళ్ళకి ఎన్ని తాళాలు వేసినా, పైవాడికి ఏ తాళమూ లేకపోతే కొంప మునిగేది పైవాడి చేతి మీదుగానే!

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే వ్యవస్థకి పునాది వేశారు. అందులో ప్రతి ఫైలుకీ ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు నడపవచ్చు అన్నది ఫైలు ఫైలుకీ రాసి ఉంటుంది. కానీ రూట్ అనే ఒక్క యూజరుకి ఈ అడ్డు లేదు. వాడి అంకె 0. సున్నా అని చిన్నచూపు చూడకండి, ఇంటి మొత్తానికి గుత్తి వాడిదే. ఒక్క తప్పు మాట టైపు చేస్తే సర్వం తుడిచిపెట్టుకుపోవచ్చు, "ఇదేమిటి నాయనా" అని అడిగేవాడుండడు.

1975లో ఎం.ఐ.టి.కి చెందిన జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ ఒక వ్యాసంలో మంచి సూత్రం ఒకటి వివరించారు. ఏ ప్రోగ్రాముకైనా, ఏ మనిషికైనా ఆ పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఉండాలి, అంతకు మించి ఉండకూడదని. 1980 ప్రాంతంలో బఫలో నగరంలోని యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ 'సుడో' అనే ప్రోగ్రాము రాశారు. దానితో గుత్తి మొత్తం ఎవరి చేతికీ ఇవ్వక్కర్లేదు. ఫలానా వారికి ఫలానా పని మట్టుకే అనుమతి. ఎవరు ఏం చేశారో చిట్టా కూడా రాసి పెడుతుంది.

ఇళ్ళలోకి వచ్చిన విండోస్ కథ వేరు. 1995 నాటి విండోస్ 95 పాస్‌వర్డు అడిగేది గానీ, వద్దని నొక్కితే ఊరుకుని లోపలికి రానిచ్చేది. తలుపుకి తోరణం కట్టినట్టు, అందానికే! 2001లో వచ్చిన ఎక్స్‌పీని ఇంట్లో ఎక్కించేటప్పుడు, మొదట ఎన్ని పేర్లు రాసుకుంటే అందరూ అడ్మినిస్ట్రేటర్లే. దాని పై రకంలో కట్టుబాట్లు పెట్టే వీలుంది గానీ, పెట్టిన కట్టుబాటు అందరి మీదా పడేది. ఈ రెండు ప్రోగ్రాములు తప్ప ఏదీ తెరవకూడదని రాశారో, రాసినవారికీ అంతే సంగతులు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే! 2007లో ఇళ్ళకొచ్చిన విస్టాతో ఆ చిక్కు తీరింది. అడ్మినిస్ట్రేటర్లకి ఒక రకం కట్టుబాట్లు, కాని వారికి మరో రకం, విడివిడిగా రాసుకునే వీలు కల్పించారు. మావారు లేని మీసం మెలేసింది ఈ ఉపాయం చూసుకునే!

కానీ అదే విస్టా ఇంకో పని కూడా చేసింది. అడ్మినిస్ట్రేటరైనా సరే, మామూలు వేళల్లో మామూలు మనిషి అధికారంతోనే తిరగాలి. పెద్ద పని వచ్చినప్పుడు "నిజంగా చెయ్యమంటారా?" అని ఒకసారి ఆగి అడుగుతుంది. జనం దాన్ని విసుక్కున్నారనుకోండి. అడ్డు చెప్పేవాళ్ళని ఎవరు మెచ్చుకుంటారు!

మావారు క్యాంపు నించి రాగానే కాఫీ చేతికిచ్చి ఈ చరిత్రంతా వినిపించాను. "అయితే నిన్నూ అడ్మినిస్ట్రేటర్ని చెయ్యమంటావు, అంతేగా?" అన్నారు.

"అంతే కాదండీ. మీరూ దిగి రావాలి. రోజూ పనికి మీకూ నాకూ అబ్బాయికీ మామూలు అకౌంట్లే. అడ్మినిస్ట్రేటరు అకౌంటు వేరుగా ఒకటి. దాని పాస్‌వర్డు కవర్లో పెట్టి బీరువాలో ఉంచుదాం. అవసరమైనప్పుడు మనిద్దర్లో ఎవరైనా తీసుకోవచ్చు" అన్నాను.

"నా మీద నేనే తాళం వేసుకోవాలా?" అన్నారాయన.

నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకి చక్కెర జబ్బని డాక్టరు చెప్పిన రోజు రాత్రి నన్ను వంటింట్లోకి పిలిచారు. గుత్తిలోంచి ఒక చిన్న తాళంచెవి విడదీసి నా చేతిలో పెట్టారు. అది మిఠాయిల అల్మారాది. "నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు" అన్నారు. తరవాత రెండుసార్లు అడిగారు కూడా. నేనివ్వలేదు. మూడోసారి అడగలేదు. నేనంటే ఆవిడకి గురి కుదిరింది ఆనాటి నించే.

ఈ సంగతి మావారికి ఎన్నడూ తెలియదు. ఇప్పుడు చెబితే కాసేపు మాట్లాడలేదు. కాఫీ తాగి, లేచి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నారు.

కవరు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి మాత్రం... ఎక్కడుంటుందో అబ్బాయి కూడా ఈ పేజీ చదువుతాడు కనక ఇక్కడ రాయను!